కుంటి చీమకు గడి లేదు

నవ్వు, ఏడుపు, ఆశ్చర్యం మనిషికి పుట్టుకతోనే వస్తాయని పూర్వం అనుకునేవారు. అది తప్పు. ముందుగా పత్రం నింపి, మూడు ప్రతులు తీసి, పై అధికారి చేత సంతకం పెట్టించిన తరువాతే అవి మనిషికి వస్తాయి. ఈ సత్యాన్ని లోకానికి చాటడానికే బాలల చలనచిత్ర స్పందనల సేకరణ విభాగం వెలిసింది. అంతకు ముందు పిల్లలు సినిమాకు వెళ్లి, ఎవరికి తోచినట్టు వాళ్లు నవ్వి, తోచినచోట ఏడ్చి, ఇంటికి వచ్చి అన్నం తినేవారు. ఆ అరాచకాన్ని తలుచుకుంటే ఇప్పుడు ఒళ్లు జలదరిస్తుంది.

ఈ ఏడు విభాగం వారి చల్లని చూపు ‘చీమలు మోసిన ఊరు’ మీద పడింది. అది మొదట ఒక పిల్లల పుస్తకం. ఒక మధ్యాహ్నం ఊరంతా కునుకు తీస్తుండగా చీమలు వచ్చి, ఊరిని రేణువు రేణువుగా మోసుకుపోతాయి. తప్పిపోయిన మేకను వెతకడానికి వెళ్లిన ఒక పిల్ల తిరిగి వచ్చేసరికి ఇల్లు ఉండదు, అమ్మ ఉండదు, చదునైన నేల ఉంటుంది. ఊరు ఎటు పోయిందో ఆ పిల్లకు దారి చూపేది ఒక కుంటి చీమ. అందరికన్నా వెనక నడుస్తుంది కనుక దానికొక్కదానికే దారంతా గుర్తుంటుంది.

ఆ పుస్తకాన్ని సినిమాగా తీశారు. తీసేటప్పుడు చీమలను తీసేసి, ఎగిరే తెల్ల గుర్రాన్ని పెట్టారు. చీమ తెర మీద సరిగా ఆనదట. (పేరు మాత్రం మార్చలేదు. పోస్టర్లు అప్పటికే అచ్చయిపోయాయి.)

మా బడికి వచ్చిన ఉత్తర్వు పద్నాలుగు పేజీలు. హెడ్మాస్టారు దాన్ని ఉదయం బారులు తీరినప్పుడు చదవడం మొదలుపెట్టి, రెండో పీరియడు గంటకు ముగించారు. ఐదో తరగతి నుంచి పదో తరగతి దాకా అందరూ టౌనులో సినిమాకు వెళ్లాలి. సినిమా పది గంటలకు మొదలై పన్నెండున్నరకు అయిపోతుంది. స్పందన పత్రాలు మాత్రం పదకొండు గంటలకల్లా విభాగానికి చేరాలి. ఇందులో ఎక్కడో చిన్న తేడా ఉన్నట్టు లెక్కల టీచరుకు అనిపించింది.

“సినిమా అవకముందే స్పందన ఎలా ఇస్తారండీ?”

“ముందురోజే ఇచ్చేస్తే పోలా?” అన్నారు హెడ్మాస్టారు. ఇరవై ఆరేళ్ల సర్వీసు ఊరికే పోదు.

పత్రంలో పదకొండు స్పందనలకు పదకొండు గడులు ఉన్నాయి. నవ్వు రెండు రకాలు: పళ్లు కనబడేది, కనబడనిది. ఆశ్చర్యం నోరు తెరిచి ఒకటి, మూసి ఒకటి. కంటతడికి అనుమతి ఉంది గాని, అది బుగ్గ సగం దాటరాదు. దాటితే ఫిర్యాదు కిందికి వస్తుంది. దానికి వేరే పత్రం, వేరే కిటికీ. ఈల తొమ్మిదో తరగతికి పైవారికే, అదీ ఇంట్లో పెద్దల సంతకంతో. ఆవలింతకు కూడా మొదట్లో గడి ఉండేదట. కిందటి సినిమాకు అదొక్కటే నిండేసరికి తీసేశారు. చిట్టచివరి గడి ‘నీతిని గ్రహించితిని’. అందరూ శ్రమపడకుండా దానికి అచ్చులోనే టిక్కు పెట్టి పంపించారు.

అందరి పత్రాలూ ముందురోజే నింపాలి కనుక, రేపు ఎవరు ఎక్కడ ఏ స్పందన చేయబోతున్నారో ఇవాళే తేలిపోవాలి. తేలిన దాని ప్రకారం రేపు నడుచుకోవాలి. అందుకని మూడు రోజులు రిహార్సలు పెట్టారు. ఆ బాధ్యత డ్రాయింగ్ మాస్టారికి అప్పగించారు. ముఖాల సంగతి ఆయనకే తెలుస్తుందని హెడ్మాస్టారి నమ్మకం. ఆయన ఖాళీగా కూడా ఉన్నారు. బడిలో డ్రాయింగు క్లాసు జరిగి రెండేళ్లయింది. కాగితాలన్నీ పత్రాలకే సరిపోతున్నాయి.

ఆవరణలో మమ్మల్ని సినిమా హాల్లో లాగే వరుసలుగా కూర్చోబెట్టారు. చిన్న తరగతులు ముందు, పెద్ద తరగతులు వెనక. తెర బదులు సైకిల్ షెడ్డు గోడ.

“ముందు వరుసలో ఎడమ చివరన ఉన్నవాళ్లు మొదలుపెడతారు,” అన్నారు డ్రాయింగ్ మాస్టారు. “మిగతా అందరూ వెంటనే అందుకోవాలి. ఎందుకు అని అడక్కూడదు. మీరు ఎందుకు అనుకునేలోపు సీను వెళ్లిపోతుంది. అర్థమైందా?”

“అర్థమైంది సార్!”

“ఏం అర్థమైంది?”

“అడక్కూడదని సార్!”

ఎడమ చివర కూర్చోవడానికి గట్టి గొంతు కావాలి. ఆ స్థానానికి ఐదో తరగతి చదువుతున్న మా చెల్లిని ఎంపిక చేశారు. మా ఇంటికి రావలసిన గొంతు మొత్తం దానికే వచ్చింది. నా వంతుకు వినడం మిగిలింది. చెల్లి ‘ఓహో’ అంటే నాలుగు వందల పన్నెండు మందిమీ ‘ఓహో’ అన్నాం. చెల్లికి తుమ్ము వస్తే నాలుగు వందల పదకొండు మంది తుమ్మారు. డ్రాయింగ్ మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఆయన జీవితంలో ఏ పనీ ఇంత చక్కగా కుదరలేదు.

ఇంట్లో కూడా చెల్లి సాధన మానలేదు. పొయ్యి దగ్గర నిలబడి నోరు తెరిచి ఒకసారి, మూసి ఒకసారి ఆశ్చర్యపోతూనే ఉంది.

“సినిమాకెళ్లి నవ్వి రావడానికి రిహార్సలెందుకే?” అంది అమ్మ.

“నీకు తెలీదమ్మా, ఇరవై రెండో నిమిషంలో పళ్లు కనపడాలి.”

“కనపడతాయిలే, ముందు ఆ పళ్లు తోముకో. పాలు పొంగిపోతుంటే నోరు తెరుచుకుని నిలబడ్డావేంటి, పిలవచ్చు కదా?”

“అది ఆశ్చర్యమమ్మా. పిలవడం ఇందులో లేదు.”

అంతవరకు బాగానే ఉంది. చిక్కు తొమ్మిదో నిబంధన దగ్గర వచ్చింది. అది ఇలా ఉంది: ‘పుస్తకము చదివిన ప్రేక్షకుడు పోల్చును. పోల్చిన ప్రేక్షకుడు తలను అడ్డముగా ఊపును. తలను అడ్డముగా ఊపుటకు పత్రములో గడి లేదు. కావున సదరు పుస్తకమును ముందురోజు సాయంత్రములోగా స్వాధీనము చేసుకొనవలెను.’

మా బడి గ్రంథాలయం అంటే స్టాఫు రూములో ఒక ఇనుప బీరువా. దాని తాళంచెవి డ్రాయింగ్ మాస్టారి దగ్గర ఉంటుంది. అందులో ‘చీమలు మోసిన ఊరు’ ఒకే ఒక్క ప్రతి ఉంది. అట్ట ఊడిపోతే ఎవరో పాత క్యాలెండరు కాగితం అంటించారు. దాని కోసం చెల్లి నాలుగు నెలలు తన వంతు వచ్చేదాకా కాచుకుంది. వచ్చాక తొమ్మిది రోజుల్లో నూట నలభై పేజీలు చదివింది. ఇంకా యాభై ఎనిమిది ఉన్నాయి. మరీ ఆబగా మింగెయ్యకు, మిగలాలి కదా, నెమ్మదిగా చదువు అని దానికి చెప్పింది నేనే. ఆ పుస్తకం నేనూ చదివానని మాత్రం చెప్పలేదు. చెబితే చివర ఏమవుతుందని రోజూ నా ప్రాణం తీస్తుంది.

డ్రాయింగ్ మాస్టారు ఐదో తరగతికి వచ్చి చెయ్యి చాపారు.

“ఇంకా యాభై ఎనిమిది పేజీలున్నాయి సార్,” అంది చెల్లి.

“రేపు సినిమాలో చూపిస్తారుగా.”

“కుంటి చీమ ఇప్పుడే గింజ కింద పడిపోయింది సార్. లేచిందో లేదో చూసి ఇచ్చేస్తాను. ఒక్క పేజీ.”

“ఒక్క పేజీ చదివినా పోలికే అవుతుందమ్మా. సినిమా అయ్యాక నీదే. నా పూచీ.”

చెల్లి నూట నలభయ్యో పేజీలో కోడి ఈక పెట్టి ఇచ్చింది. డ్రాయింగ్ మాస్టారు దాన్ని బీరువాలో పెట్టి, తాళం వేసి, రెండుసార్లు లాగి చూశారు. ఆయన మంచివారే. తాళం వేసే మనుషుల్లో మంచివారు ఎక్కువ మంది ఉంటారు.

ఆ సాయంత్రమే విభాగం వారి యాప్‌లో మా ఆశ్చర్యం ఫొటోలు పెట్టాల్సి వచ్చింది. హాల్లో చీకటిగా ఉంటుంది కనుక ఎండలో నిలబెట్టి తీశారు. ఎండకు కళ్లు చికిలించాం. యాప్ అందరికీ ‘తీవ్ర దుఃఖం’ అని చూపించింది. హెడ్మాస్టారు విభాగానికి ఫోన్ చేస్తే, దుఃఖం వచ్చినా పరవాలేదు, ఖాళీగా మాత్రం ఉండకూడదన్నారు.

మరునాడు హాల్లో మాకు స్వాగతం చెప్పినవారు క్షేత్రస్థాయి స్పందన పర్యవేక్షకులు. చేతిలో పొడుగాటి టార్చి, మెడలో విజిలు, చంకలో ఫైలు. పిల్లలు ఐదు నిమిషాల్లో ఆయనకు టార్చి సార్ అని పేరు పెట్టేశారు. ఆయన ఎవరినీ కోప్పడలేదు. చాలా మెల్లగా, ‘అండి’ తగిలించి మాట్లాడతారు. అలాంటివారు మాట్లాడుతుంటే ఎందుకో చెప్పులు సర్దుకోవాలనిపిస్తుంది.

బొమ్మ తొమ్మిది నిమిషాలు ఆలస్యంగా మొదలైంది. ముందు సబ్బు ప్రకటనలు వేశారు. స్పందనలు మాత్రం గడియారం ప్రకారమే నడిచాయి. బొమ్మ ఆలస్యమైతే అది బొమ్మ తప్పు గాని ప్రేక్షకుడి తప్పు కాదని ఏడో నిబంధన. దానివల్ల తెర మీద పిల్ల వచ్చి, ఇల్లు కనబడక, ‘అమ్మా’ అని కేక పెట్టినప్పుడు మేమందరం పళ్లు కనబడేలా నవ్వాం. గుర్రం పల్టీ కొట్టినప్పుడు బుగ్గ సగం దాకా ఏడ్చాం. టార్చి సార్ ప్రతి వరుస మీదా వెలుగు వేసి, తృప్తిగా ఫైల్లో గీతలు పెట్టుకున్నారు.

ఆ ఆటకు సొంతంగా టికెట్టు కొనుక్కుని మనవరాలితో వచ్చిన ఒక తాతగారు ఉన్నారు. ఆయన పిల్ల కేక పెట్టినప్పుడే కళ్లు తుడుచుకున్నారు. టార్చి సార్ వెళ్లి ఆయన పక్కన వంగి, “తొమ్మిది నిమిషాలు ఆగండి, తాతగారూ,” అన్నారు.

“నాకు ఇప్పుడొస్తోంది నాయనా.”

“అందరికీ ఇప్పుడే వస్తుందండీ. ఆపుకోవాలి.”

సినిమా సగం దాటింది. గుర్రం వచ్చింది, ఎగిరింది, పాట పాడింది, పిల్లను వీపు మీద ఎక్కించుకుని ఊరు చేర్చింది. ఊరు ఎందుకు పోయిందో, ఎలా వచ్చిందో చెప్పడానికి సమయం చాలలేదు. గుర్రానికి ఇంకో పాట ఉంది. ఆ పాట మధ్యలో, ఎవరూ ఏమీ చేయకూడని తొంభై ఒకటో నిమిషంలో, ముందు వరుస ఎడమ చివర నుంచి గంట కొట్టినట్టు ఒక గొంతు లేచింది.

“కుంటి చీమేదీ?”

మూడు రోజుల రిహార్సలు వృథా పోలేదు. ఎందుకు అని ఎవరూ అడగలేదు.

“కుంటి చీమేదీ?” అన్నాం నాలుగు వందల పదకొండు మందిమీ.

ఆ అరుపులో నేను కూడా ఉన్నాను. నా గొంతు నాకు వినబడలేదు కనుక సిగ్గు వేయలేదు.

చెల్లి తనకు సమాధానం వస్తోందనుకుంది. మళ్లీ అడిగింది. మేమూ మళ్లీ అడిగాం. తాతగారు, మనవరాలు కూడా అందుకున్నారు. ప్రొజెక్టరు ఆపరేటరు హాల్లో చీమలు పట్టాయనుకుని బొమ్మ ఆపేశాడు. టికెట్లు చింపే ఆయన పురుగుల మందు డబ్బా తెచ్చి ముందు వరుస సీట్ల కింద కొట్టేశాడు. పిల్లలంతా దగ్గుతూ బయటికి వచ్చారు. (దగ్గుకూ గడి లేదు. మొత్తాన్నీ ఈల కింద సర్దారు.)

మూడో రోజున బడిలో విచారణ పెట్టారు. ఆరు తరగతులనూ పెద్ద హాల్లో కింద కూర్చోబెట్టారు. వేదిక మీద బల్ల, బల్ల మీద మైకు, మైకు పక్కన మా బీరువాలోని పుస్తకం. కోడి ఈక ఇంకా నూట నలభయ్యో పేజీలోనే ఉంది. చెల్లి కళ్లు ఆ ఈక మీదే ఉన్నాయి.

“మొదట ఎవరు అరిచారండీ?” అన్నారు టార్చి సార్.

చెల్లి లేచింది. “నేనే సార్. అరవలేదు సార్, అడిగాను.”

“అడిగావా. రాసుకోండి, అడిగింది. హెడ్మాస్టారూ, అడగడం మన పదకొండింట్లో ఎక్కడుంది?”

హెడ్మాస్టారు పత్రాన్ని అటు తిప్పి, ఇటు తిప్పి, వెలుతురుకు పట్టి చూశారు. “లేదండీ.”

“లేనిదాన్ని పాప ఎలా చేసిందండీ?”

టార్చి సార్ ఆ ప్రశ్నను కూడా రాయించి చెల్లి వైపు తిరిగారు.

“సినిమాలో నీకేం తక్కువైందమ్మా? గుర్రం ఉంది కదా. ఎగిరింది కూడా.”

“గుర్రం కుంటిది కాదు కద్సార్.”

“కుంటిదైతే ఎలా ఎగురుతుంది?”

“ఎగరదు సార్. అయినా వస్తుంది. అదే కద్సార్ కథ.”

లెక్కల టీచరు దగ్గు వచ్చినట్టు మొహం పక్కకు తిప్పుకున్నారు. టార్చి సార్ ఫైలు మూశారు, తెరిచారు.

“ఇప్పుడు నీకేం కావాలి?”

“పుస్తకం సార్. చీమ ఏమైందో చదివి ఇచ్చేస్తాను.”

“చూడమ్మా, పుస్తకం మీద ప్రశ్న ఒకటి పెండింగులో ఉంది. పెండింగులో ఉన్నదాన్ని ఇవ్వడానికి నాకు అధికారం లేదు. ప్రశ్న తీరితే ఇవాళే, ఇక్కడే ఇచ్చేస్తాను.”

“ఇస్తే చదివి నేనే చెప్తాను సార్.”

“తీరాకే ఇచ్చేది.”

“చదివితేనే కద్సార్ తీరేది.”

“అందుకే ఇంకెవరైనా కావాలంటున్నాను,” అన్నారాయన, ఎంతో ఓర్పుగా. “ఇరవై రెండో నిబంధన. పుస్తకాన్ని చివరిదాకా చదివినవారు ఒక్కరు లేచి, చీమ ఏమైందో మైకులో చెప్పి, సంతకం పెడితే చాలు. ప్రశ్న తీరిపోతుంది. పుస్తకం పాపకి ఇచ్చేస్తాను.”

“చివరి పేజీ మీరే చూసెయ్యచ్చు కదండీ?” అన్నారు లెక్కల టీచరు.

“నేను చదివితే నేనూ పోలుస్తానండీ. పోల్చినవాణ్ణి ఈ కుర్చీలో ఉంచరు.”

డ్రాయింగ్ మాస్టారిని అడిగారు. ఆయన తల వంచుకుని, “తాళంచెవి ఒక్కటే నాదండీ. కాపలా ఉన్నవాళ్లు చదవకూడదని పాత ఉత్తర్వు,” అన్నారు. బీరువా రిజిస్టరు తెప్పించారు. అందులో ‘తీసుకున్నారు’, ‘తిరిగి ఇచ్చారు’ అని రెండు గళ్లు ఉన్నాయి. ‘చదివారు’ అని లేదు. కనుక అది సాక్ష్యం కిందికి రాదన్నారు.

“అయితే చేతులు ఎత్తించండి,” అన్నారు టార్చి సార్. “చివరిదాకా చదివినవారు.”

నేను ఆ పుస్తకాన్ని ఎనిమిదో తరగతిలో చదివాను. రెండుసార్లు. రెండోసారి చివరి పేజీ దగ్గర ఆగిపోయి, అది అయిపోకూడదని రెండు రోజులు పరుపు కింద దాచుకున్నాను. తిరిగి ఇచ్చినప్పుడు డ్రాయింగ్ మాస్టారు రిజిస్టరు రాస్తూ, “ఏమ్మా, ఎలా ఉంది?” అని అడిగారు. తల ఊపాను, నిలువుగా.

ఇప్పుడు ఆయన మా వరుస వైపు చూశారు. “ఎవరైనా ఉన్నారేమో చూడండమ్మా,” అన్నారు. “పెద్ద తరగతుల్లో. ఆడపిల్లల్లో ఎవరైనా. ఒక్కరు చాలంట.”

చెల్లి కూడా వెనక్కి తిరిగి వరుసలన్నీ వెతికింది. నన్ను దాటుకునే వెళ్లింది దాని చూపు. నేనై ఉంటానని దానికి తోచలేదు.

నా చెయ్యి నా ఒళ్లో ఉంది. బరువైనదేం కాదు. రోజూ రెండు బిందెలు ఎత్తే చెయ్యే. బావి నుంచి ఇంటిదాకా ఎక్కడా దించకుండా తెస్తుంది. మైకు దగ్గరికి పద్దెనిమిది అడుగులు ఉంటాయి. నాలుగు వందల మంది తలలు తిప్పుతారు. చీమ ఏమైందో నేను మైకులో చెప్పాలి. ముందు గొంతు సవరించుకోవాలి. అది కూడా మైకులో వినబడుతుంది. మాటలన్నీ వరుసగా పెట్టుకున్నాను. మొదటి వాక్యం సిద్ధం చేసుకున్నాను. ‘ఆ చీమ’ అని మొదలుపెట్టాలా, ‘కుంటి చీమ’ అనాలా అని ఆలోచించాను.

టార్చి సార్ ఒక్కో వరుసకూ వేలు చూపిస్తూ, తొందర పడకుండా లెక్కపెట్టారు. ఐదో తరగతి, సున్నా. ఆరో తరగతి, సున్నా. తొమ్మిది దాటి పదికి వచ్చారు. నా ఎదురుగా ఆ వేలు కాసేపు ఆగినట్టే అనిపించింది. ఆగలేదేమో కూడా.

“సున్నా,” అన్నారు. “రాసుకోండి. ఈ పుస్తకాన్ని చివరిదాకా చదివినవారు ఎవరూ లేరు. ఎవరూ చదవని ముగింపు ఉన్నట్టు లెక్క కాదు. ముగింపు లేని పుస్తకం అసంపూర్తి వస్తువు. అసంపూర్తి వస్తువులు పిల్లలకు అందుబాటులో ఉండకూడదు. కనుక సినిమా ముగింపే ముగింపు. పాప ప్రశ్న కొట్టివేయడమైనది.”

పుస్తకాన్ని గోధుమరంగు కాగితంలో చుట్టి, దారం కట్టి, లక్క కరిగించి ముద్ర వేశారు. కట్టేటప్పుడు కోడి ఈక అడ్డం వచ్చింది. టార్చి సార్ దాన్ని లాగి, ఇది పుస్తకంలో భాగం కాదని చెల్లికి తిరిగి ఇచ్చేశారు. ఎంతైనా న్యాయం తెలిసిన మనిషి.

వెళ్తూ వెళ్తూ ఆయన మైకు ముందుకు వచ్చి మమ్మల్ని మెచ్చుకున్నారు. నాలుగు వందల పన్నెండు మందిలో ఒక్క చెయ్యి కూడా లేవకుండా కూర్చోవడం తన సర్వీసులో ఎక్కడా చూడలేదన్నారు. బడికి ప్రశంసాపత్రం సిఫారసు చేస్తానన్నారు. హెడ్మాస్టారు చప్పట్లు కొట్టారు. మేమందరం అందుకున్నాం. డ్రాయింగ్ మాస్టారు మాత్రం తాళంచెవుల గుత్తి చేత్తో పట్టుకుని ఉండటం వల్ల కొట్టలేకపోయారు.

ఇంటికి నడుస్తుంటే చెల్లి నాకన్నా నాలుగడుగులు ముందు నడిచింది. ఈకను వేళ్ల మధ్య తిప్పుతూ ఉంది. అది మాట్లాడకుండా అంత దూరం నడవడం అదే మొదటిసారి. రైలు గేటు పడి ఉంటే ఇద్దరం ఆగాం. చుట్టూ ఎవరూ లేరు.

“ఆ పుస్తకం నేను చదివానే,” అన్నాను.

అది వెనక్కి తిరిగింది. “ఎప్పుడు?”

“ఎనిమిదిలో. రెండుసార్లు. గింజ కింద నుంచి లేస్తుంది చీమ. చచ్చిపోదు.”

“మరి?”

గూడ్సు బండి వచ్చింది. అది వెళ్లేదాకా ఆగి, మొత్తం చెప్పాను. మైకు కోసం వరుసగా పెట్టుకున్న మాటలన్నీ ఉన్నాయి కనుక ఎక్కడా తడబడలేదు. చీమల రాణి పిల్ల మాట విని ఊరిని తిరిగి ఇచ్చేస్తుంది. చీమలన్నీ రేణువు రేణువుగా మోసుకొచ్చి ఎక్కడివక్కడ పెడతాయి. గోడలు వస్తాయి, పైకప్పులు వస్తాయి, అమ్మ వస్తుంది. ఒక్క రేణువు తక్కువవుతుంది. అది వాళ్లింటి గడపలోది. అది లేక తలుపు మూసుకోదు. ఆ రేణువు కుంటి చీమ నోట్లో ఉంది. అందరూ ఆ చీమను మరిచిపోతారు. కొత్త తలుపు చేయిద్దామంటారు. పిల్ల ఒప్పుకోదు. మూడు వానాకాలాలు తలుపు తెరిచే ఉంచుతుంది, వాన లోపలికి కొట్టినా సరే. నాలుగో ఏడు ఒక పొద్దున గడప దగ్గర ఏదో కదులుతుంది. రేణువు దాని చోట అది పడుతుంది. తలుపు మూసుకుంటుంది. చీమ లోపలి వైపు ఉంటుంది.

చెల్లి ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. కళ్లు పెద్దవి చేసుకుని వింది. అయిపోయాక గేటు లేచిన సంగతి కూడా చూడకుండా కాసేపు అలాగే నిలబడింది. ఆ ముఖంలో ఉన్నది పత్రంలోని పదకొండింట్లో ఏదీ కాదు. తరువాత నా భుజం మీద, పెద్దవాళ్లు చిన్నవాళ్లను ఓదార్చినట్టు, మెల్లగా తట్టింది.

“చాలా బాగా అల్లావక్కా,” అంది. “నేను బాధపడుతున్నానని చెప్పావు కదా. కానీ నువ్వు చదవలేదులే. సార్ వరుస వరుసా లెక్కపెట్టారు, నేను చూశాను.”